ముత్తన్న చెవుల్లోకి నేను పంపిన చప్పుడు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆవిడకు కూడా తెలియదు. మీకు చెబుతున్నానంటే, మీరు నా ముఖం చూడలేరు కాబట్టి. పిరికివాణ్ణి. అది ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం కాస్త తేలిక.

మణుగూరు బొగ్గుగనుల కాలనీలో పెరిగాను. కంప్యూటర్‌తో సంగీతం చేసేవాణ్ణి. ముత్తన్న అడవి ఊరివాడు, డోలు వాయించేవాడు. అతని డోలుకు మైకు తగిలిస్తే నా కంప్యూటర్ ప్రతి దెబ్బనూ విని, అప్పటికప్పుడు తన శబ్దంతో జవాబు చెబుతుంది. వెనక తెర మీద ఎర్రటి గీతలు ఎగసిపడతాయి. ఆ జవాబు వినడానికి అతని రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు. రెండేళ్లు తిండీ నిద్రా మాని తయారుచేశాను దాన్ని.

మా ఇద్దరి మొదటి ప్రదర్శనకు ముందురోజు, రిహార్సల్లో, పదిమంది ఎదుట ముత్తన్న నవ్వాడు.

"ఏంది తమ్మీ, నీ డబ్బా నా ఎనకాల్నే ఉరుకుతాంది? ముంగటికి రమ్మను, సూద్దాం!"

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్లు మాత్రం భగ్గున మండింది. సరదాకే అన్నాడని నాకు తెలుసు. తెలిసీ అంత కక్ష ఎందుకు? అతనన్నది నిజం కాబట్టేనా?

వాళ్ల ఊళ్లో ఒక కట్టుబాటుంది. పండగలో రెండు డోళ్లు ఎదురెదురుగా నిలబడితే, ఎదుటి డోలు హోరు పెరిగేకొద్దీ ఇవతలివాడు ఇంకా గట్టిగా కొట్టాలి. ముందు ఆపినవాడు ఓడినట్టు. ఓడినవాడు మళ్లీ డోలు ముట్టడు. ముత్తన్నే నాకు ఈ సంగతి చెప్పాడు, పక్కన కూర్చుని చాయ్ తాగుతూ. దాన్నే నేను కత్తిలా పట్టుకున్నాను.

చెవుల్లోకి వెళ్లే శబ్దం హద్దు దాటకుండా ఆపే సెట్టింగ్ ఒకటుంటుంది. ప్రదర్శన రోజు పొద్దున దాన్ని తీసేశాను. పొరపాటున కాదు. బాగా ఆలోచించుకుని, నా చేత్తో.

ప్రదర్శన మొదలైంది. అతని దెబ్బను రెండింతలు చేసి తిరిగి అతని చెవుల్లోనే కొట్టాను. ఉలిక్కిపడ్డాడు. నా వైపు చూశాడు. నవ్వాడు! డబ్బా పోటీకి దిగిందనుకున్నాడు. ఇంకా గట్టిగా కొట్టాడు. నేను ఇంకా పెంచాను. ఆ మోత జనానికి వినబడదు, అతనికొక్కడికే. మెడ నరాలు ఉబ్బాయి, దవడలు బిగుసుకుపోయాయి, పుల్ల విరిగితే పిడికిలితో బాదాడు. తెరంతా ఎరుపు. జనం ఈలలు వేస్తున్నారు. అతని కుడి చెవిలోంచి రక్తం సన్నగా మెడ మీదికి దిగడం నేను చూశాను. నా వేలు శబ్దం పెంచే మీట మీదే ఉంది. కిందికి లాగితే చాలు. లాగలేదు. కొట్టరా, కొట్టు అని లోపల అరుస్తూ దాన్ని చివరిదాకా పైకి తోశాను. అంతటి పశువునా నేను? ఆ క్షణంలో నాకు హాయిగా అనిపించింది. ఇన్నేళ్లూ నోరు దాటనిది ఈ మాటే.

అతను డోలుతో సహా బోర్లా పడ్డాడు.

కంప్యూటర్ ఖరాబైందని అందరికీ చెప్పాను. నమ్మారు. దవాఖానాలో డాక్టరు కుడి చెవి పోయిందని, ఎడమ చెవిలో సగం వినికిడే మిగిలిందని చెప్పాడు. ముత్తన్న నా చేయి పట్టుకున్నాడు. తన గొంతు తనకు సరిగా వినబడక బిగ్గరగా అన్నాడు:

"నీ డబ్బా గట్టిదే తమ్మీ. నేనే ఓడిన."

నేను తల ఊపాను.

మిగిలిన ఆ సగం చెవితో అతను వాయించగలిగేవాడే. కానీ ఓడినవాడు కదా. ఆ రోజు నుంచి డోలు ముట్టలేదు. రెండుసార్లు అతని ఊరిదాకా వెళ్లాను. రెండుసార్లూ పొలంలో వంగి పనిచేసుకుంటున్న అతన్ని దూరం నుంచి చూసి, బండి తిప్పుకుని వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతుల్లో లేదు. అతని ముందు నిలబడే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు. రాసుకున్నాక మాత్రం ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకే తిన్నగా రాసేస్తున్నాను: ఆ రోజు పోటీయే జరగలేదు. ముత్తన్న ఓడిపోలేదు. అతని చెవులు నేనే పగలగొట్టాను.