ఆశీర్వాదం ఆమెన్ అనడు

మా ఆశీర్వాదానికి అన్నీ వచ్చు, ఆమెన్ అనడం తప్ప. ప్రార్థన మొదలుపెట్టాడంటే ఆగడు. ఆగినా అది ఊపిరి తీసుకోవడానికే. ఆ సందు చూసి మేమే అందరం గట్టిగా ఆమెన్ అనేసి లేచిపోతాం. బూర్గంపాడు దాటి అడవి వైపు తిరిగితే వచ్చే మా ఊళ్లో ఆదివారం ఆరాధనకు వచ్చేవాళ్లు ఎవరూ పొయ్యి మీద కూర పెట్టి రారు. కాపురానికి వచ్చిన కొత్త కోడలికి అత్త మొదట నేర్పేది ఆ సంగతే.

ఆయన బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు సంఘపెద్ద. నాకు వరసకు మరిది. బాప్తిస్మంలో నాకు మార్తమ్మ అని పేరు పెట్టారు గానీ, పండగ రోజుల్లో పుట్టానని ఊరంతా బతుకమ్మ అనే పిలుస్తుంది. ఆశీర్వాదం మాత్రం వదినె అంటాడు. వదినెను గనుక ఆయనను ఎంత మాటైనా అనే హక్కు నాకుంది. ఆ హక్కును నేనెన్నడూ వృథా పోనివ్వలేదు.

ఆయన ప్రార్థన సృష్టి దగ్గర మొదలవుతుంది. చేపలు, పక్షులు, పశువులు అయ్యాకే ఆదాము. నోవహు ఓడలోకి జంతువులన్నీ ఒక్కొక్కటిగా ఎక్కాలి. పందికొక్కు కూడా ఆయన చేతిలోంచి తప్పించుకోదు. ఎర్ర సముద్రం దాటేసరికి మా కాళ్లు తిమ్మిరెక్కుతాయి. అక్కణ్ణుంచి గోదావరి వరద, రాని బస్సు, ఒకరి మోకాలు నొప్పి, ఒకరి బర్రె చూడి. ఇందులో రెండు విచిత్రాలున్నాయి. మధ్యలో ఏ కారణమూ లేకుండా ఆయన గొంతు అమాంతం లేస్తుంది. మిడతల దండు అన్న మాటను గుడి రేకులు అదిరేలా అంటాడు. ఒళ్లో పడుకున్న పిల్లలు ఉలిక్కిపడి ఏడుపు అందుకుంటారు. ఇక రెండోది, ఎవరైనా కళ్లు తెరిచారో, ఎక్కడున్నవాడు అక్కడ ఆగి వెనక్కి పోతాడు.

"ప్రభువా, ఎవరో కండ్లు తెరిచిండ్రు. మల్ల మొదటి నుంచి చెప్పుకుంటున్నం తండ్రీ."

ఒకనాడు పట్టుకుని అడిగాను. "నీ కండ్లు మూసుంటే మా కండ్లు తెరిచింది నీకెట్ల ఎరుక మరిదీ?"

"బాయిల లైటు ఆరిపోతే ఊపిరి విని పక్కోడెవడో చెప్పినోన్ని వదినె. రెప్ప చప్పుడు ఇనరాదా నాకు?"

"గా బాయి చీకటి నీ నెత్తికెక్కింది."

"ముప్పై ఏండ్లు చీకట్ల బతికిన. మీకు అరగంట చీకటి చేదైందా?"

బుధవారం ఎవరింట్లో ప్రార్థన కూటం పెట్టినా, ఆశీర్వాదం ఎర్ర సముద్రం ఒడ్డుకు చేరాకే ఆ ఇంటివాళ్లు చాయ్ పొయ్యి మీద పెడతారు. ముందే పెడితే చల్లారిపోతుంది. శుక్రవారం దవాఖానాకు వెళ్లి రోగులను పలకరించి వస్తాం. ఒకసారి ఆయన వార్డులో అడుగుపెట్టగానే, నాలుగు రోజులుగా మంచం దిగలేదన్న మనిషి లేచి, చెప్పులు వేసుకుని, నడిచి బయటికి పోయాడు.

"చూసినవా వదినె, మొదలువెట్టక ముందే స్వస్థత," అన్నాడు ఆశీర్వాదం.

శనివారం పాత బట్టలు, జ్వరం మాత్రలు పట్టుకుని అడవిలో గూడేనికి పోతాం. అక్కడ హేమ్లా అని ఒక ముసలాయన. ఆయన గుడిసె ముందు ఆశీర్వాదం ప్రార్థన చేస్తుంటే ఒక కోడి వచ్చి ఆయన చెప్పుల మధ్య కూర్చుంది. మేము ఆమెన్ అనేసరికి అక్కడ గుడ్డుంది. ఆ రోజు ఒక వింత గమనించాను. అంతసేపట్లో ఒక్కసారి కూడా ఆయన గొంతు లేవలేదు.

"మిడతల కాడ ఒర్లలేదేంది మరిదీ?"

"ఈడ అవుసరం పడలె వదినె."

ఆ మాటకు అర్థం నాకు తరవాత తెలిసింది. తెలిసేలా చేసినవి ఎలుకలు.

సంఘంలోని ఆడవాళ్లమంతా ఉండే మా స్త్రీల మైత్రిలో ఒక పాత పద్ధతి ఉంది. వంటకు బియ్యం తీసేటప్పుడు ప్రతి ఆడమనిషీ ఒక పిడికెడు పక్కకు తీసి, వారమంతా కూడబెట్టి ఆదివారం గుడికి తెస్తుంది. వెనక గుమ్మం పక్కన రేకు డబ్బాలో పోస్తాం, లేనివాళ్లకు ఇవ్వడానికి. ఆ డబ్బా బాధ్యత నాది. నేను చదివింది రెండో తరగతే గానీ, డబ్బాలో బియ్యం ఎక్కడిదాకా ఉన్నాయో నాకు చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. పొద్దున నిండుగా ఉన్న డబ్బా ఆరాధన ముగిసేసరికి తగ్గుతోంది. ప్రతి ఆదివారం.

"ఎలుకలు వదినె," అన్నాడు ఆశీర్వాదం.

"మూత తీసి, తిని, మల్ల మూతవెట్టి పోతున్నయా?"

"సంఘం ఎలుకలు గదా. పద్ధతి ఎరుకున్నయి."

పిల్లిని తెచ్చి డబ్బా పక్కన కట్టేశాను. అది నోవహు దగ్గరే నిద్రపోయింది. ఇక లాభం లేదని, మరుసటి ఆదివారం ముందు వరస వదిలి వెనక వరసలో కూర్చున్నాను. నెత్తిన కొంగు కప్పుకుని, ఆశీర్వాదం ఐగుప్తులోకి దిగగానే ఒక్క కన్ను తెరిచాను.

డబ్బా దగ్గర సుజన ఉంది.

మా మైత్రి మొత్తంలో పెద్ద పిడికిలి సుజనది. రెండు చేతులా తెచ్చి పోసేది ఒకప్పుడు. భర్త చందర్ కాంట్రాక్టు మీద బొగ్గు లారీ తోలేవాడు. నడుముకు దెబ్బ తగిలి మంచాన పడ్డాడు, పని పోయింది. ఎవరడిగినా సుజన "మంచిగనే ఉన్నం" అంటుంది, అడిగినవాళ్లను కూర్చోబెట్టి మంచినీళ్లిస్తుంది. ఆ సుజన మూత మీద చెయ్యి వేసింది. మూత కిర్రుమంది. సరిగ్గా అప్పుడే ముందు నుంచి "మిడతలు" అని ఆశీర్వాదం గొంతు లేచింది. పిల్లలు ఏడ్చారు. కిర్రు వినపడలేదు. ఆమె సంచిలో పోసుకుని మూత పెట్టేటప్పుడు ఆయన అంతే గట్టిగా ఐగుప్తు మీద చీకటి కమ్మించాడు. ఆమె సంచి కొంగు కిందికి లాక్కుని, నా వరసలోనే ఆ చివర కూర్చుని కళ్లు మూసుకుంది.

నేనూ మూసుకున్నాను.

"ప్రభువా, వెనక వరసల ఒక కన్ను తెరుచుకున్నది," అంది ముందు నుంచి గొంతు. "అదే మూసుకున్నది గనక ఈసారికి ముందుకే పోతున్నం."

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "ఎలుకను చూసినవా వదినె?"

"చూసిన."

"ఎట్లున్నది?"

"బక్కగున్నది. వచ్చే వారం నుంచి నా ఇంట్లకెళ్లి రెండు పిడికిళ్లు వోస్త."

ఆయన డబ్బా దగ్గరికి పోయి మూత సరిచేసి వచ్చాడు.

ఇట్లా సాగిపోతుండగా సతీష్ అయ్యగారు మా పాస్టరుగా వచ్చారు. కుర్రవాడు, మంచివాడు. చేతిలో ఎప్పుడూ ఫోను, ఫోనులో గడియారం. బిషపుగారు మా గుడికి వస్తున్నారని తెలిసి ఆయనకు నిద్ర పట్టలేదు. కమిటీని పిలిచి కూర్చోబెట్టారు.

"ఈ పిడికెడు బియ్యం పద్ధతి చాలా గొప్పదండీ. బిషపుగారి చేతుల మీదుగా పంచుదాం. పేరు పిలుద్దాం, వాళ్లు ముందుకు వచ్చి తీసుకుంటారు, ఫొటో తీసి గ్రూపులో పెడదాం. చూసినవాళ్లు ఇంకా ఇస్తారు. ముందు చందర్ గారి కుటుంబాన్ని పిలుద్దాం, పాపం చాలా ఇబ్బందిలో ఉన్నారట."

ఆ సాయంత్రమే సుజన మా ఇంటికి వచ్చింది. గడప బయటే నిలబడింది.

"అత్తా, ఆదివారం నేను గుడికి రాను."

"రాకుంటే పొయ్యి మీదికేంది?"

"ఏదో ఒకటి. గా ఫొటో బళ్లె అందరి ఫోన్లల్ల తిరుగుతది. నా పిల్లలు తలెత్తుకోవాలె గదా."

"నువ్వు రా. సంచి తెచ్చుకో. నీ పేరు ఎవరు పిలుస్తరో నేను చూస్త."

చూస్తానని అన్నాను గానీ ఎట్లా చూడాలో నాకు తెలియదు. తోవ చూపించింది అయ్యగారే.

"ఇంకొక్క మాట," అన్నారు శనివారం నాడు, ఆశీర్వాదం వైపు చూడకుండా. "ఆశీర్వాదంగారు ప్రార్థన చేస్తే బిషపుగారు మధ్యాహ్నం భోజనం చీకటి పడ్డాక తింటారు. ఈసారికి బతుకమ్మగారు చేస్తారు. పెద్దగా చదువుకోలేదు కాబట్టి నాలుగు మాటల్లో ముగించేస్తారు."

నన్ను ఈ ఊళ్లో చాలా మంది చాలా అన్నారు. నాకు నాలుగే మాటలు వచ్చునని మాత్రం ఎవరూ అనలేదు.

"అట్లనే అయ్యగారూ," అన్నాను. ఆశీర్వాదం నేల వైపు చూస్తున్నాడు. అది నవ్వు దాచుకునే చూపని నాకు తెలుసు.

ఆదివారం వచ్చింది. బిషపుగారు వచ్చారు. దండలు అయ్యాయి, పాటలు అయ్యాయి, అయ్యగారింట్లో ఉడుకుతున్న కోడికూర వాసన గుడిలోకి వచ్చింది. వెనక వరసలో సుజన ఉంది. నేను లేచాను.

"అందరు కండ్లు మూసుకోండ్రి," అన్నాను. సృష్టి దగ్గర మొదలుపెట్టాను.

ఆశీర్వాదం చేపలన్నీ కలిపి చేపలు అంటాడు. నేను కొరమీనును వేరుగా, బొచ్చెను వేరుగా, జెల్లను వేరుగా పుట్టించాను. చెట్ల దగ్గరికి వచ్చి మద్ది, తునికి అంటుండగా మూత కిర్రుమంది. "ఇప్పచెట్టు" అని నేను వేసిన కేకకు మైకు కుయ్యోమంది. పిల్లలు ఏడ్చారు. దానికి బిషపుగారు కళ్లు తెరిచారు.

"ప్రభువా, ఎవరో కండ్లు తెరిచిండ్రు. పేరు చెప్పను గని, ఊదారంగు చొక్కా తొడుక్కున్నరు. మల్ల మొదటి నుంచి చెప్పుకుంటున్నం తండ్రీ."

బిషపుగారు చప్పున కళ్లు మూసుకున్నారు. ఆ తరవాత తెరవలేదు. మూత మళ్లీ కిర్రుమంది, ఇంకోసారి కిర్రుమంది. సుజన ఒక్కతే కాదన్నమాట. ప్రతి కిర్రుకూ ఒక కేక వేశాను. ఓడ నింపాను, సముద్రం దాటించాను, మన్నా కురిపించాను. ఇంతమంది నోరు మూసుకుని కూర్చుంటే నేనొక్కదాన్నే మాట్లాడడంలో ఇంత సుఖం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. యెరికో గోడలు కూలుస్తుండగా చెవి దగ్గర ఎవరో గొణిగారు.

"వదినె, ఇగ ఆమెన్ అను. ఎలుకలు ఎప్పుడో పోయినయి."

ఆశీర్వాదం నోట ఆ మాట వినడం అదే మొదలు. అన్నాను.

సతీష్ అయ్యగారు చెమట తుడుచుకుని, ఫోను తెరిచి, బిషపుగారిని డబ్బా దగ్గరికి తీసుకువెళ్లి మూత ఎత్తారు. అడుగు రేకు తళతళలాడుతోంది.

"బియ్యం ఏవండీ?"

"ఎలుకలు అయ్యగారూ," అన్నాను.

"ఎలుకలేంటండీ, పొద్దున నిండుగా..."

"ఎలుకలే అయ్యగారూ," అంది పాటల గుంపులోంచి రాజ్యశ్రీ టీచరు. మగవాళ్ల వైపు నుంచి ఇంకెవరో "చానా ఉన్నయి" అన్నారు. "అవ్, ఎలుకలే," అని గుడి గుడంతా అంది. అప్పుడు నాకు తెలిసింది, ఒక్క కన్ను తెరిచింది నేనొక్కదాన్నే కాదని. ఎవరికి వారు ఏదో ఒక ఆదివారం తెరిచి చూశారు. ఎవరికి వారు మూసుకున్నారు. సుజన తల దించుకోలేదు. అందరితో పాటు తనూ "ఎలుకలే" అంది.

బిషపుగారు డబ్బాలోకి చూశారు. మూతను ఒకసారి వేసి, తీసి, మళ్లీ వేశారు. మూడుసార్లూ కిర్రుమంది.

"సతీష్," అన్నారు, "ఫోను జేబులో పెట్టు. ఈ మూతకు కొంచెం నూనె వేయించు. పాపం, ఆ అమ్మ గొంతు పోయింది."

మరుసటి ఆదివారానికల్లా సతీష్ అయ్యగారు తన చేతులతోనే మూతకు నూనె వేశారు. ప్రార్థన ఆశీర్వాదానికి తిరిగి ఇచ్చారు. ఇప్పుడు మూత చప్పుడే చెయ్యదు. అయినా ఆశీర్వాదం మిడతల దగ్గర రేకులు అదరగొడుతూనే ఉన్నాడు.

"నూనె వేసిండ్రు గదా, ఇంకెందుకు ఒర్లుడు?"

"అలవాటైంది వదినె. నువ్వు గూడ మంచిగనే చేసినవ్ ఆనాడు. ఓడ కాడ జర తొందరపడ్డవ్. పందికొక్కును మర్చిపోయినవ్."

చందర్ లేచి తిరుగుతున్నాడు. లారీలు తూచే కాంటా దగ్గర కూర్చునే పని దొరికింది. ఈ మధ్య డబ్బా వరస కూడా మారింది. పొద్దున సగం ఉన్న బియ్యం ఆరాధన ముగిసేసరికి అంచుదాకా వస్తున్నాయి.

"ఏంది మరిదీ ఇది?" అని అడిగాను.

"ఎలుకలే వదినె. తెచ్చి పోస్తున్నయి."

నేను మూత పెట్టి, దాని మీద పిల్లిని కూర్చోబెట్టాను. అది అప్పుడే నిద్రపోయింది.