వెదురు బద్ద మీద రెండు గాట్లు

మొన్న కాలు నొప్పి అంటుంటే మనవరాలు నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ నన్నో గొట్టం లాంటి యంత్రంలోకి తోసి, అరగంటసేపు చెవులు గింగిర్లెత్తేలా మోత మోగించి బయటికి లాగాక, మనవడి ఈడు డాక్టరొకడు నా కాలి వంక చూడకుండానే తెర మీద బొమ్మలు తిప్పుకుంటూ, చిన్నప్పుడు మోకాలి కింద రెండుచోట్ల విరిగినట్టుందే మామ్మగారూ, భలే అతికింది, ఎవరు కట్టారని అడిగాడు. చెబితే నమ్మడులే అని ఊరుకున్నాను. నా ఈడు వాళ్లు మీరైతే నమ్ముతారు.

సాలూరు పైన కొండల్లో, వారానికోసారి సంత జరిగే ఊళ్లో, పందొమ్మిదివందల ఇరవైల నాటి ఆ రోజుల్లో, అంటే డెబ్భై ఏళ్ల కిందట, మా నాన్నకు కొట్టుండేది. ఉప్పూ బట్టలూ ఎండుచేపలూ అమ్మి, కొండవాళ్లు దింపే చింతపండూ పిప్పళ్లూ కొనేవాడు. నాకప్పుడు పదేళ్లు, ఒంట్లో కుదురన్నది లేదు. చింతపండు బస్తాల మీదెక్కి గెంతి కుడికాలు విరగ్గొట్టుకున్నాను. వానలకు ఘాట్ రోడ్డు తెగి బండ్లు దిగడం లేదు, అందుకని నాన్న పై గూడెంలో ఎముకలు కట్టే తాతకి కబురంపాడు. చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ వచ్చిన ఆ బక్కపలచని ముసలాయన కళ్లు మూసుకుని, మోకాలి దగ్గర్నుంచి మడమ దాకా వేళ్లు నెమ్మదిగా జరిపాడు. నేను ఊరు ఎగిరిపోయేలా ఏడుస్తుంటే, "ఊరుకోయే గుంటా, ఎముక ఏటో సెప్తంది, ఇననీ" అన్నాడు.

తర్వాత వెదురు బద్దలు చీల్చి, ఒకదాన్ని కాలి పక్కన ఆనించి, కత్తితో పైన ఒక గాటు, జానెడు కింద ఇంకో గాటు పెట్టాడు. విరిగిన చోటల్లా బద్ద మీద గుర్తు పెట్టుకోవడం వాళ్ల పద్ధతి, కట్టు విప్పి మళ్లీ కట్టేటప్పుడు చెయ్యి తప్పకుండా. ఎముక అతికాక ఆ బద్దను కొండవాగులో, వాళ్ల మాటలో గెడ్డలో, వదిలేయాలి, దాంతో నొప్పి కూడా కొట్టుకుపోతుందని వాళ్ల నమ్మకం.

నెలన్నర తిరిగేసరికి దిగువ నుంచి మేనమామ వచ్చి, అడివి మనిషి చేత కట్టిస్తే పిల్ల కుంటిదైపోదా అని నాన్న మీద విరుచుకుపడి, సముద్రపొడ్డు పట్నంలో కొత్తగా ఎముకల ఫోటో తీసే యంత్రం వచ్చింది పదమన్నాడు. కట్టు వేరేవాళ్లు విప్పితే ఒప్పుకోనని తాత కూడా కొండ దిగి, జన్మలో మొదటిసారి రైలెక్కాడు. ఆసుపత్రిలో తాత కట్టు విప్పాక డాక్టరుగారు నా కాలి వాపు చూసి పెదవి విరిచారు. వంకరగా అతికి ఉంటే మళ్లీ విరిచి కట్టాలన్నారు. ఆ మాటకి నేను తాత చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. ఆయనా వదల్లేదు.

చీకటి గదిలో బల్ల మీద పడుకోబెట్టి, ఊపిరి బిగబట్టమన్నారు. పక్కన ఇంజను గురగురమంది, నీలంగా ఏదో మెరిసింది, వానకి ముందు వచ్చే వాసన లాంటిదొకటి గదంతా కమ్మింది. కాసేపటికి డాక్టరుగారు తడి గాజు పలక తెచ్చి కిటికీ వెలుగుకి పట్టుకున్నారు. అందులో నా కాలు, చర్మం లేదు, మాంసం లేదు, ఉత్త తెల్లటి ఎముక, బతికున్న నా ఎముక!

తాత మొలలోంచి బద్ద తీసి, ఎవర్నీ అడక్కుండా పలక పక్కన ఆనించాడు. ఎముక మీద రెండు సన్నటి గీతలున్నాయి. సరిగ్గా గాట్ల ఎదురుగా ఉన్నాయి. ఎముక తిన్నగా ఉంది.

డాక్టరుగారు బద్ద అందుకుని గాట్ల మీద బొటనవేలు రాస్తూ, పలక వంకా బద్ద వంకా మార్చి మార్చి చూశారు. తాత మాత్రం పలకకి దణ్ణం పెట్టాడు. "యాబై ఏళ్లుగా తడుముతున్నాను బాబూ, సచ్చినోల్ల ఎముకలే సూశాను గానీ, బతికున్న గుంటది ఇప్పుడే సూశాను" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఇద్దరిలో ఎవరు ఎవర్ని చూసి ఎక్కువ ఆశ్చర్యపోయారో నాకు ఇప్పటికీ తెలియదు. నా కాలు మాత్రం ఎవరూ మళ్లీ విరవలేదు.

కొండెక్కాక ఆ బద్ద నాకు కావాలని మారాం చేశాను. తాత వినలేదు, నా చేతే గెడ్డలో వదిలించాడు. ముసలిదానివయ్యాక చలికాలం ఆ విరిగినచోటే లాగుతుంది, అప్పుడు నన్ను తలుచుకోమన్నాడు. ఆయన చెప్పినట్టే లాగుతోంది.

ఇప్పటి యంత్రం గొప్పదే, కాదనను. ఆనాటి గాజు పలకకి చిక్కనివెన్నో దీనికి చిక్కుతాయట. కానీ మొన్న ఆసుపత్రిలో ఉన్నంతసేపూ నా కాలి మీద ఒక్కరు చెయ్యి వేయలేదు. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని, కళ్లు మూసుకుని, తాతలాగే మోకాలి నుంచి కిందికి వేళ్లు జరుపుకుంటూ వెళ్లాను. మొదటి చోటు దొరికింది. రెండోది ఎంత వెతికినా నాకు దొరకలేదు.