ఎవరిని తీసేద్దాం

సెమిలిగుడ దాటాక రోడ్డు పక్కనే ఉండేది మా కాఫీ గింజల కర్మాగారం. చిన్నదే. చుట్టుపక్కల కొండల నుంచి వచ్చిన గింజల పొట్టు తీయించి, రకాలుగా వేరుచేసి, బస్తాలకెత్తి పంపేవాళ్లం. నా పని రుచి చూడటం. వచ్చిన సరుకులోంచి కాసిని గింజలు వేయించి, కాచి, చెంచాతో పీల్చి, పులుపుందో మట్టివాసన వేస్తోందో చెప్పాలి. గునుపూర్ దగ్గర వరిచేలలో పెరిగినదాన్ని, పెళ్లయ్యేదాకా కాఫీ నోట పెట్టి ఎరగను. నా భర్త ఆ కర్మాగారంలోనే మెకానిక్కు. ఆయన పోయాక యజమాని నన్ను పిలిచి పనిచ్చాడు.

అక్కడ నాకు బాగా దగ్గరిది ప్యాకింగ్ చూసే ఆవిడ. విజయనగరం వైపు మనిషి, నన్ను వదినా అనేది. ఆవిడ టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో పడుకున్నప్పుడు ఆవిడ పిల్లలకి అన్నం పెట్టి, తలదువ్వి బడికి పంపింది నేనే.

ఒక వానాకాలం, విశాఖపట్నం నుంచి ఒక పరిశోధకుడు వచ్చాడు. పనిచేసేచోట మనుషులు నిర్ణయాలెలా తీసుకుంటారో, తోటివాళ్ల గురించి ఏమనుకుంటారో తెలుసుకోవడం అతని చదువట. మర్యాదస్తుడు. అందరినీ మీరనేవాడు. భోజనాలయ్యాక మా ఆఫీసువాళ్లందరినీ ఒక గదిలో గుండ్రంగా కూర్చోబెట్టాడు.

“ఇది ఉత్త ఊహే. కంపెనీ నష్టాల్లో ఉంది, మీలో ఒకరిని తీసెయ్యాలి. ఎవరినన్నది మీరే తేల్చండి. ఎవరి గురించి మాట్లాడుతున్నారో వాళ్లు మాత్రం నోరు విప్పకూడదు” అన్నాడు.

కాసేపు అందరూ నవ్వుకున్నారు. తర్వాత గుమాస్తా నావైపు చూడకుండానే మొదలెట్టాడు.

“మాటవరసకి సెప్తన్నానండి. రుచి సూడ్డానికి బయట్నించి ఎవర్నయినా పిలిపించుకోవచ్చు కదా?”

“అదీ నిజమే. మనందరం పని తెలిసి వచ్చేం. ఆవిడికి జాలిపడి ఇచ్చేరు” అన్నాడు మేనేజరు.

నేను ప్యాకింగ్ ఆవిడ వైపు చూశాను. ఆవిడ అడ్డం పడుతుందని నాకు అనుమానమే లేదు. ఆవిడ పైట సర్దుకుని, “వదినకి ఎనకా ముందూ ఎవులున్నారండి? ఒక్క పొట్ట. ఎలాగైనా బతికేస్తాది” అంది.

ఇంకెవరి పేరూ రాలేదు. పరిశోధకుడు నావైపు తిరిగాడు.

“ఇప్పుడు మీరు మాట్లాడొచ్చు. ఈ నిర్ణయం న్యాయమనిపిస్తోందా?”

అందరూ నన్నే చూస్తున్నారు. నేను ఏడిస్తే ఆట పాడవుతుంది, తిడితే వాళ్లన్నది నిజం గనకే ఉడుక్కున్నాననుకుంటారు. “న్యాయంగానే ఉందండి” అన్నాను. గుమాస్తా చప్పట్లు కొట్టాడు. మిగతావాళ్లూ కొట్టారు. ఇంత త్వరగా ఒక మాట మీదికొచ్చినవాళ్లని తానెక్కడా చూడలేదని పరిశోధకుడు మెచ్చుకున్నాడు. సమోసాలు తెప్పించారు. ప్యాకింగ్ ఆవిడ నా ప్లేటులో ఇంకొకటి వేసింది.

అక్కడితో అయిపోయుంటే నేనూ మరిచిపోయేదాన్నేమో. కానీ ఆ రోజు నుంచి నేను చేసే పనికి వంకలు పుట్టాయి. నేను బాగుందన్న కాఫీని మేనేజరు మళ్లీ తాగి చూసేవాడు. నేను సెలవు పెడితే, “ఏటి, పని ఆగిందేటి?” అని గుమాస్తా అందరికీ వినపడేలా అడిగేవాడు. పనికిరానిదని ఒకసారి అన్నాక, ఆ మాట నిలబెట్టుకోవడానికి రోజూ కాస్త కష్టపడాలి కాబోలు. చలికాలంలో రాయగడ గోదాముకి ఒకరిని పంపాల్సి వచ్చింది. అక్కడ రుచి చూసే పనే లేదు, వచ్చిపోయే బస్తాలకి కాపలా కాయడమే. నా పేరే రాశారు, ఎవరూ చర్చించను కూడా లేదు.

వెళ్లేముందు ప్యాకింగ్ ఆవిడని అడిగాను. “ఆ రోజు నువ్వన్నది నీ మనసులో మాటేనా?”

ఆవిడ కాసేపు నిజంగానే ఆలోచించింది. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది.

“ఆ రోజు కాదు వదినా. ఏదో ఒకటి సెప్పాల గదా అని నోటికొచ్చింది అనీసేను. తరవాత ఆలోసిస్తే నిజమే అనిపించింది. నువ్వే సెప్పు, మాకంటే నీకేటి బాధ?”

మర్నాడు బస్సెక్కేశాను.

రాయగడలో నాతోపాటు పనిచేసేది ఒక అమ్మాయి. పార్వతీపురం నుంచి కొత్తగా వచ్చింది, ఊళ్లో తనకి ఎవరూ తెలీదు. మొదట్లో రోజూ సాయంత్రం గేటు దగ్గర ఆగి, “రండి పిన్నీ, టీ తాగి ఎల్దాం” అని పిలిచేది. నేను వినపడనట్టు తాళం వేసుకునేదాన్ని. ఒకరోజు, “నామీద కోపమేటి పిన్నీ? నేనేటన్నాను?” అని అడిగింది. కళ్లలో నీళ్లున్నాయి.

“ఇంకా ఏటీ అన్లేదులే అమ్మీ” అన్నాను.

ఇప్పుడా పిల్ల నా కోసం ఆగడం లేదు. ఒక్కతే పోయి తాగొస్తోంది. నాకు హాయిగా ఉంది.