ఆకు కాడ చూడాలె

శామీర్‌పేటలో మా గల్లీ గాలయ్య, పక్కింటి నర్సమ్మ పెరడును కబ్జా పెట్టాడని ఒక మాట పుట్టి మేడ్చల్ దాకా పోయింది. అల్వాల్‌లో ఉన్న చుట్టాలు కూడా ఫోన్లు చేసి మరీ అడిగారు. ఆ మాటను పుట్టించి, పెంచి, పెద్ద చేసింది మా గల్లీయే కాబట్టి దాన్ని సరిచేయాల్సిన పూచీ కూడా గల్లీదే. గాలయ్యకు ఉన్నది కబ్జా జబ్బు కాదు. ఆయన జబ్బు వేరు. పెట్టె మీద రాసింది నమ్మడు.

ఏ పెట్టె అయినా అంతే. చొక్కా జేబులో అరచేయంత మీటరు ఒకటి పెట్టుకుని తిరుగుతాడు. దాన్ని గోడకున్న ప్లగ్గులో గుచ్చి, దానికి మిక్సీయో ఫ్రిజ్జో తగిలిస్తే, ఆ వస్తువు నిజంగా ఎంత కరెంటు తాగుతుందో చూపిస్తుంది. గృహప్రవేశానికి పోతే సత్యనారాయణ స్వామి ప్రసాదం కంటే ముందు ఆ ఇంటి కొత్త ఫ్రిజ్జు వెనక చేరతాడు. కొంపల్లి ఫంక్షన్ హాల్లో పెళ్లి జరుగుతుంటే డీజే పెట్టెకు మీటరు తగిలించబోయి పాట ఆపేశాడు. బరాత్ మొత్తం ఎత్తిన చేతులు ఎత్తినట్టే నిలబడిపోయింది.

ఆయన భార్య బాలమణి ఆ రోజు నుంచి పెళ్లిళ్లకు పోయే ముందు మొగుడి జేబులు తడిమి చూస్తుంది. చూసి మాత్రం ఏం లాభం? మీటరు లేకపోతే నోరుంది. మేనకోడలికి సంబంధం వచ్చిందనీ, పిల్లగాడు పెద్ద కంపెనీలో మేనేజరనీ అంటే గాలయ్య తాపీగా అడిగాడు.

"అది పెట్టె మీద రాసింది. ఇంట్ల చాయ పెట్టుడు వస్తదా?"

ఈ జబ్బు తుర్కపల్లిలో అంటుకుంది. ఆయన అక్కడి కంపెనీలకు మనుషులను చేరవేసే క్యాబ్ నడిపేవాడు. ఒకరోజు ఒక మేడం టిఫిను డబ్బా బండిలో మరిచిపోతే లోపలికి పోయి ఇచ్చాడు. అక్కడ అద్దాల గదిలో, కిటికీ కూడా లేని చోట, అరల మీద ఆకుకూర గుబురుగా పెరుగుతోంది. పైన లైట్లు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలపడం మరిచిపోయాడు.

"ఎండ లేకుంట ఆకు పెరుగుతాంది, బాలమణీ."

"పెరగనియ్యి. నువ్వు బువ్వ తిను."

వారం తిరక్కుండా మొక్కల లైటు ఒకటి తెప్పించాడు. పెట్టె మీద 'వెయ్యి వాట్లు' అని నా గుప్పెడంత అక్షరాలతో రాసి ఉంది. మీటరు పెట్టి చూస్తే వంద వాట్ల కంటే కాస్త ఎక్కువ. పెళ్లి విందుకు పిలిచి చాయ పోసి పంపినట్టయింది ఆయనకు. వెంటనే కంపెనీకి ఫోన్ చేశాడు.

"తమ్మీ, వెయ్యి అని రాసిండ్రు. మిగిలిందంత ఏడ పోయింది?"

"సార్, అది వెయ్యి వాట్ల పాత లైటుకు సమానం సార్."

"నేను గూడ పదిమంది గాలయ్యలకు సమానమే. పదిమంది బువ్వ పంపుతవా?"

అవతల ఫోన్ పెట్టేశారు. గాలయ్య రెండో లైటు కొన్నాడు. ఇది కూడా గోడ కాడ మీటరు పెడితే మొదటిదాని అంతే తాగుతోంది. కానీ వెనక చెయ్యి పెడితే మొదటిది దోసె పెనంలా కాలింది, రెండోది గోరువెచ్చగా ఉంది. వెలుతురు చూస్తే గోరువెచ్చనిదే ఎక్కువ.

"సూసినవా? తాగిందంత వెలుగైతలేదు. సగం ఉత్త వేడైపోతాంది. నీ తమ్ముని లెక్క."

"మా తమ్ముడేం జేసిండు నిన్ను?"

"ఏం జెయ్యడనే గదా నా బాధ. తినుడు మస్తు తింటడు. పని జెప్తే చెమట తప్ప ఏం రాదు."

బాలమణి తమ్ముడు రాఘవేందర్ ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. తెల్ల చొక్కా, నల్ల కండ్లద్దాలు. ఆయన సంగతి మళ్లీ వస్తుంది.

మంచి లైటు దొరికినా కథ తేలలేదు. గాలయ్య దాన్ని మేడ మీది గదిలో పైకప్పుకు కట్టాడు. మెంతి మొక్కలు వెలుగు కోసం దారాల్లా సాగి, తలలు మోయలేక పడుకున్నాయి. సరే అని ఆకులకు ఆనేంత కిందికి దించాడు. కొసలు మాడాయి. అప్పుడు టేపు కొన్నాడు. బెత్తెడు పైకి, జానెడు కిందికి, రోజంతా అదే పని. చివరికి గల్లీ అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పాడు.

"పెట్టె మీద సూసెటోడు గిరాకి. గోడ కాడ సూసెటోడు షావుకారి. ఆకు కాడ సూసెటోడు రైతు."

అరుగు మీదున్న వాళ్లంతా తలూపారు. ఎవరికీ అర్థం కాలేదు.

ఇక నర్సమ్మ. మొగుడు పోయాక ఆమెను నిలబెట్టింది ఇంటి వెనక పెరడే. మెంతి, కొత్తిమీర, పాలకూర. పొద్దున్నే తట్ట ఎత్తుకుని గల్లీ తిరుగుతుంది. కొన్న ప్రతి ఇంటికీ పైన ఒక పిడికెడు కొసరు వేయడం ఆమె పద్ధతి. లైట్ల గోలకు ముందే గాలయ్య వాళ్లు పొలం అమ్మి ఇంటి మీద రెండంతస్తులు లేపారు. ఆ మేడ నీడ పోయి సరిగ్గా నర్సమ్మ పెరట్లో పడింది. మెంతి పసుపు రంగుకు తిరిగి, కాడలు సాగి, వాడిపోయింది. ఆ రోజు నుంచి గాలయ్య ఇంటికి కొసరు బంద్.

"నా ఎండ మింగినోళ్లకు కొసరేంది?" అని నడి గల్లీలో అంది. ఊరికే కొత్తిమీర కట్ట ఇవ్వబోయిన బాలమణి చేతిని కూడా తోసేసింది. నర్సమ్మ ఎవరి దగ్గరా ఊరికే తీసుకునే మనిషి కాదు.

ఆ సమయంలోనే రాఘవేందర్ కండ్లద్దాలు తీసి నర్సమ్మ గడపలో కూర్చున్నాడు.

"ఆకు పెరగని జాగ ఏం జేసుకుంటవు, అవ్వా? నాకియ్యి. నీకు మంచి రేటు ఇప్పిస్త."

"దసరా దాక సూస్త బిడ్డా. అప్పటికీ తట్ట నిండకుంటే సంతకం పెడ్త" అంది నర్సమ్మ. అన్నది గానీ ఆ రోజు ఆమె పొయ్యి వెలిగించలేదు.

ఇటు గాలయ్య ఇంట్లో వేరే గోల. మేడ గది కిటికీలోంచి మొక్కల లైట్ల గులాబీ రంగు వెలుతురు గల్లీలోకి పడుతోంది. పాలు పోసే మల్లేష్ బాలమణిని మెల్లగా అడిగాడు, "మీద బార్ పెట్టిండ్రా, అక్కా?" అంతే, ఆమెకు తిక్క రేగింది.

"నీ లైట్లన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

"లైట్లే పోతయ్ తీ" అన్నాడు గాలయ్య.

అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు. బాలమణి అప్పుడే అనుమానపడాల్సింది. గెలిచిన సంతోషంలో పడలేదు.

మర్నాటి నుంచి గాలయ్య గోడ దాటి నర్సమ్మ పెరట్లో కనిపించడం మొదలైంది. చేతిలో టేపు. ఒకప్పుడు బర్రె ఉన్న రేకుల కొట్టంలోకి పోతాడు, కొలుస్తాడు, వస్తాడు. గోడ మీదుగా ఒక వైరు కూడా వేశాడు. మా వైపు ఒకరి పెరట్లో ఇంకొకరు టేపు పట్టారంటే దానికి ఒకటే అర్థం. ప్లాటు కొలతలు. మధ్యాహ్నానికి కబ్జా అన్నారు. సాయంత్రానికి కాగితాలు కూడా అయిపోయాయన్నారు.

అందరికంటే ఎక్కువ బాధపడ్డది రాఘవేందర్. మోటర్ సైకిల్ మీద ఉరికొచ్చి గోడ అవతల నుంచి అరిచాడు.

"బావా, నేను అడిగిన జాగల నువ్వు టేపు పట్టుడు న్యాయమేనా?"

కొట్టంలోంచి గాలయ్య గొంతు వినబడింది. "ఇంక బెత్తెడు దించాలె."

"ఏం దించాలె?"

"నువ్వు పో. నీ నీడ పడ్తాంది."

బాలమణికి గల్లీలో తల ఎత్తడం కష్టమైంది. నల్లా దగ్గర ఆడవాళ్లు ఆమె రాగానే బిందెల గురించి మాట్లాడుకునేవారు. బిందెల గురించి అంత సేపు ఎవరు మాట్లాడుకుంటారు? ఇంట్లో అడిగితే గాలయ్య, "నువ్వే గదా ఎల్లగొట్టినవ్, వాటికి జాగ గావద్దా?" అనేవాడు.

బతుకమ్మ పండుగ దగ్గరపడుతుండగా ఒక పొద్దున నర్సమ్మ తట్ట బాలమణి గుమ్మం ముందు దిగింది. తట్ట నిండుగా మెంతి. పొట్టి కాడలు, దళసరి ఆకులు, ముదురు పచ్చ. బాలమణి రెండు కట్టలు తీసుకుంది. నర్సమ్మ ఆమె ముఖం చూడకుండానే పైన ఒక పిడికెడు వేసింది.

కొసరు.

బాలమణి ఆ పిడికెడు ఆకు కొంగులో వేసుకుంది. తర్వాత చెప్పులు వేసుకోకుండానే గోడ చుట్టూ తిరిగి కొట్టంలోకి పోయింది. ఇటుకల మీద పాత మంచం పలకలు, వాటి మీద వరసగా తట్టలు, పైన గులాబీ వెలుతురు. నర్సమ్మ వెనకే వచ్చింది.

"ఏందక్కా ఇది?"

"నీ మొగని బాధ సూడలేక జాగ ఇచ్చిన. ఒకనాడు గోడ కాడికొచ్చి ఏడ్వవట్టె. 'అక్కా, లైట్లు పరీక్ష జెయ్యాలె, నా చేతుల పెడితే మెంతి సస్తాంది, ఇంట్లకెల్లి ఆమె ఎల్లగొట్టింది, నీ చెయ్యి మంచిది' అన్నడు. పాపం అనిపిచ్చింది. పెంచిన ఆకు తీసుకపో అంటే, నాకు ఆకు వద్దు, ఆకు ఎట్లున్నదో చెప్తే సాలు అంటడు. నీ మొగడు మంచోడే గానీ కొంచెం తక్కువున్నది."

"మరి కరెంటు?"

"మీ ఇంటిదే. నా మీటరు ముట్టనిస్తనా? రోజూ పొద్దుగూకంగ వచ్చి బంద్ జేస్తడు. ఆకుకు గూడ నిద్ర గావాలెనట."

బాలమణి నవ్వు ఆపుకుంటూ తల తిప్పింది. పెరటి గోడ మీద పాత సుద్ద గీతలు కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి, వానకు సగం చెదిరి ఉన్నాయి.

"ఇవేంది?"

"అవా? మీ స్లాబు పడ్డ కొత్తల మీ ఆయనే గీసిండు. ఎండ నీడ అయినకాడల్లా ఒక గీత. అప్పుడు నేను గూడ కబ్జానే అనుకొని చీపిరి పట్టుకొని ఎంటవడ్డ."

దసరా మర్నాడు రాఘవేందర్ కాగితాలతో వచ్చాడు. నర్సమ్మ నిండు తట్ట చూపించి, రెండు కట్టలు అమ్మి, కొసరు వేసి పంపింది. తెల్ల చొక్కాకు మట్టి అంటకుండా ఆయన ఆ మెంతికూరను చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుపోయాడు.

ఆ మధ్యాహ్నం బాలమణి మెంతికూర పప్పు చేసి మొగుడికి వడ్డించింది. ఎదురుగా కూర్చుని సూటిగా అడిగింది.

"నర్సమ్మ ఎండ మన మేడ తిన్నదని, అది తిరిగిచ్చేటందుకే గదా నువ్వు ఈ లైట్లన్ని తెచ్చింది?"

గాలయ్య ముద్ద కలుపుకుంటూ, "ఇస్తున్నమని చెప్తే ఆమె తీసుకుంటదా?" అన్నాడు.

"ఆమెకు చెప్పకు. ఊరికి చెప్పొచ్చు గదా. కబ్జాకోరు గాలయ్యని మేడ్చల్ దాక పేరు పెట్టిండ్రు. ఒక్క మాట చెప్తే నీ నోరు అరుగుతదా?"

గాలయ్య ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు నమిలాడు.

"పెట్టె మీద ఏం రాస్తే ఏంది, బాలమణీ. ఆకు మంచిగున్నదా లేదా?"