మునిరత్నం ముఖం

1946వ సంవత్సరం. యుద్ధం ముగిసినా కాగితానికి కరువు తీరలేదు. చిత్తూరుకు పడమరగా, గుట్టల నడుమ మిషన్ వారు నడిపే ఒక క్షయ ఆసుపత్రిలో నేను డ్రాయింగ్ మాస్టరుగా ఉండేవాణ్ణి. ఆసుపత్రిలో బొమ్మల మాస్టరు ఎందుకని ఇప్పటికీ అడుగుతుంటారు. ఆ రోజుల్లో క్షయకు ప్రధాన వైద్యం కదలకుండా పడుకోవడమే. దాన్ని బెడ్ రెస్ట్ అనేవారు. నెలల తరబడి పైకప్పు చూస్తూ పడుకున్న మనిషికి ముందు మనసు చచ్చిపోతుంది. అందుకని కాస్త తేరుకున్నవారు మోకాళ్ల మీద చెక్క పెట్టుకుని బొమ్మలు గీయడానికి డాక్టరుగారు ఒప్పుకున్నారు. పాత జ్వరపు చార్టుల వెనకవైపే మా కాగితం.

ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో రెండు తాళ్లు కట్టేవాణ్ణి. ఒకదానికి కళ్లెదుట చూసి గీసిన స్కెచ్‌లు: కిటికీలోంచి కనబడే గుట్ట, మందు సీసా, పక్క మంచం మనిషి పాదాలు. రెండోదానికి తలుచుకుని గీసినవి: ఇల్లు, ఎద్దులు, తిరుచానూరు తేరు. ఎవరి బొమ్మ గురించి వారు లేచి నాలుగు మాటలు చెప్పాలి. రెండో తాడే ఎప్పుడూ బరువుగా వేలాడేది.

మునిరత్నం బంగారుపాళ్యం పక్క పల్లెలో మామిడి అంట్లు కట్టేవాడు. ముప్పై ఏళ్లు కూడా లేవు. భార్య కాన్పులో పోయింది. ఇతను ఆసుపత్రికి వచ్చేనాటికి కూతురు రాజమ్మ ఇంకా పాకుతోంది. పిల్లలను వార్డు దగ్గరికి రానివ్వరు. ఆ బిడ్డను పెంచుతున్న అతని తల్లి మునెమ్మ మాత్రం అప్పుడప్పుడు వచ్చి చూసిపోయేది. అతనికి ఎ.పి. ఇస్తున్నారు. అంటే సూదితో రొమ్ములోకి గాలి పంపి, చెడిన ఊపిరితిత్తిని కదలకుండా అణచి ఉంచడం. అయినా మనిషి ఎండిపోతూనే ఉన్నాడు.

వచ్చి రెండేళ్లు కావస్తుండగా ఒకరోజు నన్ను పిలిచాడు. "అయ్యోరూ, నా మొగం ఒకటి రాసిస్తారా? పాపకు పంపాల."

"దానికేం, ఇప్పుడే గీస్తా" అని పెన్సిల్ తీశాను.

"ఇది గాదు" అంటూ గుంటపడిన చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. "దీన్ని సూస్తే బిడ్డ జడుసుకుంటాది. జబ్బుకు ముందర ఉన్న మొగం రాయండి."

"అది నేను చూడలేదే!"

"నేను సూసినాను గదా. నేను సెప్తా, మీరు రాయండి. తల్లి మొగం దానికి ఎట్లాగూ తెలీదు. నాదన్నా తెలియాల."

అలా మొదలుపెట్టాం. నీటిరంగుల్లో తెలుపు ఉండదు, కాగితమే తెలుపు. వెలుగు పడేచోట వదిలేసి, మిగతాచోట పలచగా కలిపిన రంగును పొరలు పొరలుగా పరచాలి. ఆ పొరను వాష్ అంటాం. ఒకసారి ఆరితే తీయలేం. మీసం ఇంకొంచెం ఒత్తుగా ఉండేదన్నాడు. మెడ మీద ఎముక వద్దన్నాడు. కళ్ల కింద నీడ వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీడ లేకపోతే ముఖం నిలవదు మునిరత్నం."

"నిలవకపోతే పోనీండి. నగతా ఉంటే సాలు."

ఆదివారం దాన్ని వరండాకు తెచ్చాను. పక్క మంచం వెంకటేశు తిరుపతి జట్కావాడు, నోరు ఊరుకోదు. "ఎవురప్పా ఈ మాప్పిళ్ల? పెండ్లి యాడ?" అన్నాడు.

"నేనేరా."

"నువ్వా! అట్లయితే నేను జమీందారును. ఈ మంచాలన్నీ నాయే!"

అందరూ నవ్వారు, నవ్వు దగ్గులోకి తిరిగింది. రెండో తాడుకు కట్టబోతుంటే మునిరత్నం ఆపాడు. "మొదటిదానికి కట్టండి అయ్యోరూ. సూసి రాసిందే అది. అద్దంలో నేను సూసినాను."

నేను వాదించలేదు. మొదటి తాడుకే కట్టాను.

మునెమ్మ దాన్ని ఇంటికి తీసుకుపోయింది. మళ్లీ వచ్చినప్పుడు కొడుకు మంచానికి దూరంగా కూర్చుని అన్నీ చెప్పింది. "అన్నం పెడితే ముందర పటానికి సూపిస్తాదప్పా నీ కూతురు. నాయనా తింటావా అంటాది. రేత్రి పండుకొనేటప్పుడు నువ్వూ పండుకో అంటాది." మునిరత్నం కళ్లు మూసుకుని విన్నాడు. ఆ వారం ఆరాధనలో సంఘం ముందు నేను లేచి ఈ సంగతి సాక్ష్యంగా చెప్పాను. నా చేతి పనిని దేవుడు ఒక బిడ్డకు తండ్రిగా వాడుకున్నాడని స్తోత్రం చేశాను.

వానలు పడేనాటికి రెండో ఊపిరితిత్తి కూడా పోయిందని ఎక్స్‌రేలో తేలింది. ఎ.పి. ఆపేశారు. ఆపారంటే ఏమిటో వార్డులో అందరికీ తెలుసు. పాపను ఒక్కసారి చూస్తానని మునిరత్నం అడిగాడు. బిడ్డను కంచె అవతల నిలబెట్టాలని, దగ్గరికి రానివ్వకూడదని చెప్పి డాక్టరుగారు ఒప్పుకున్నారు.

పాప వచ్చే రోజు ఉదయం గడ్డం గీయించుకున్నాడు. ముందురోజే పాపకోసం మామిడి కొమ్మ మీద రెండు చిలకలు వేశాడు. కుంచె పట్టుకునే బలం లేక మధ్యలో చాలాసార్లు ఆగాడు. వార్డు నుంచి ఏది బయటికి పోవాలన్నా క్రిములు చావడానికి ఎండ చూపాలి. కాగితాన్ని ఎండలో ఉంచి నేనే తీసుకెళ్లాను. అతన్ని కుర్చీలో మోసుకొచ్చి కంచెకు ఇవతల దించాం.

మునెమ్మ బిడ్డను ఎత్తుకుని నిలబడింది. "సూడమ్మా, నాయన."

రాజమ్మ చూసింది. చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. "మా నాయన గాదు. మా నాయన ఇంట్లో ఉండాడు."

"అట్లనగూడదు తల్లీ. ఈయనే నీ నాయన. అది పటం."

"గాదు!" ఏడుపు మొదలుపెట్టి అవ్వ మెడ పట్టుకుంది.

మునెమ్మ గట్టిగా ఏదో అనబోతే మునిరత్నం చెయ్యెత్తాడు. "వద్దులేమ్మా. ఆ నాయనే మంచోడు. దగ్గడు." నా చేతిలోని కాగితం వైపు చూశాడు. కంచె మీదుగా దాన్ని బిడ్డకు అందించాను. చిలకలను చూసి ఏడుపు ఆపింది.

"ఇవి మా నాయనకు సూపిస్తా" అంది అతనితో.

"సూపియ్యమ్మా" అన్నాడు. "బాగుండాయో లేదో అడుగు."

తర్వాత ఎక్కువ రోజులు బతకలేదు. ఒక సాయంత్రం పక్కన కూర్చుని ప్రార్థన చేస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ దేవుడన్నా నన్ను గుర్తుపడతాడా అయ్యోరూ, ఈ మొగంతో?" గుర్తుపడతాడని చెప్పాను. నమ్మే చెప్పాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ తర్వాత ఎవరు అడిగినా మనిషి ఎలా ఉంటే అలాగే గీశాను. మెడ ఎముకలు, కళ్ల కింద నీడలు, అన్నీ. ఇంటివాళ్లు చాలామంది వాటిని తీసుకుపోయేవారు కాదు. ఇది మావాడు కాదని నా దగ్గరే వదిలేసేవారు. అబద్ధం గీస్తే బిడ్డ తండ్రిని పోగొట్టుకుంది, నిజం గీస్తే ఎవరికీ అక్కరలేదు. నా వృత్తి నాకు నేర్పింది ఇంతే. ప్రతి ముఖమూ దేవునికి తెలుసునని చెప్పే బైబిలు వాక్యాలు నాకు ఎన్నో కంఠతా వచ్చు. తండ్రిని కళ్లారా చూసి కాదన్న ఆ బిడ్డ కోసం ఒక్క వాక్యం వెతికాను. ఇంతవరకు దొరకలేదు.