మూడో నిమ్మకాయ

ఆ రోజుల్లో మా గుడియాత్తంలో విమానం ఎక్కినవాడంటే నేనొక్కడినే. వేలూరు మీద గద్దలా మూడు చుట్లు తిరిగి, కోట కందకంలో నా నీడ చూసుకుని మరీ దిగాను. (మూడు కాదు, రెండే. సరే, కందకం సంగతి కూడా వదిలేయండి.)

పాత విమానాల పిచ్చి ఉన్నవాళ్ళు తమ తమ విమానాలు నడుపుకుంటూ వచ్చి వేలూరు మైదానంలో కలుసుకున్న ఏడాది అది. మేనత్త కొడుకైన మా బావా, నేనూ పేపర్లో పడ్డ విమానాల బొమ్మలన్నీ కత్తిరించి నోటుబుక్కులో అంటించుకునే రకం. ఇద్దరం పొద్దున్నే రైలెక్కి పోయాము. రెండు జతల రెక్కలున్న ఒక ముసలి విమానం దగ్గర ఆగిపోయాను. రెక్క తాకి చూస్తే గుడ్డ! మా ఊరి మగ్గం మీద నేసిన లుంగీ ఇంతకన్నా గట్టిగా ఉంటుంది. దాని సొంతదారు ఒక మీసాల పెద్దమనిషి. చూడవచ్చినవాళ్ళలో ఒకరిని ఎక్కించుకుంటానని టోపీలో చీటీలు వేయించాడు. నా పేరే వచ్చింది.

ఇక నిజం చెప్పేస్తాను. నేను ఎగరలేదు. మా వైపు ఏ బండయినా చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించనిదే కదలదు. ఎందుకైనా మంచిదని అమ్మ మూడు కాయలు మూటగట్టి పంపింది. ముందు చక్రాలకు రెండు పెట్టి, మూడోది తోక కింది బుల్లి చక్రానికి పెడదామని పాకుతూ పోయాను. అది దొర్లిపోతూనే ఉంది, నేను పెడుతూనే ఉన్నాను. మీసాలాయన ఆలస్యమవుతోందని కేకేశాడు. ఎవరో నా కాళ్ళు పట్టుకుని ఇవతలికి లాగారు. లేచి చూస్తే నా సీట్లో మా బావ! విమానం రెండు నిమ్మకాయలూ నలిపేసి ఎగిరిపోయింది. అంత మైదానంలో నేను, బావ విడిచిన చెప్పులు, నా పిడికిట్లో మూడో నిమ్మకాయ.

తరువాత ఆ బావే మా చెల్లెలిని చేసుకున్నాడు. ఇంట్లో ఏ శుభకార్యమైనా సరే, పంక్తిలో కూర్చోగానే "నా సీటెక్కినోడా" అని నలుగురూ వినేలా దెప్పేవాణ్ణి. ఆయన నవ్వి, నా ఆకులో ఇంకో వడ వేయించేవాడు. యాభై ఏళ్ళు ఇదే వరస.

మొన్న అదే మైదానంలో మళ్ళీ పాత విమానాలు కలుస్తున్నాయన్నారు. బావ పోయి ఎనిమిది నెలలు. ఒక్కడినే రైలెక్కి, అలవాటుగా కిటికీ వైపు జరిగి పక్కన చోటు వదిలాను. దారిలో కే.వి.కుప్పం స్టేషన్లో ఎవరో ఎక్కి అక్కడ సంచి పెట్టుకున్నారు. మైదానంలో గుడ్డ రెక్కల విమానం ఒకటి లేవగానే "నా సీటెక్కినోడా" అంటూ పక్కకు తిరిగాను. పక్కనున్నాయన, పాపం, రెండడుగులు దూరం జరిగాడు.

సాయంత్రం తొరపాడిలో చెల్లెలి ఇంటికి వెళ్ళి, బావ ఫోటో ముందు ఒక నిమ్మకాయ పెట్టాను. "సరే బావా, ఆ సీటు నీకే ఇచ్చేసినా పో" అన్నాను, ఎంతో పెద్దమనసుతో.

చెల్లెలు కాఫీ గ్లాసు నా ముందు పెట్టింది.

"చుమ్మా ఉండన్నా, ఊరుకో. నువ్వు యాడ ఇచ్చినావు? గుడ్డ రెక్కలు చూసి వణికిపోయి తోక కింద దూరినావంట. ఎంత పిలిచినా రాలేదంట. అందరిలో నీ పరువు పోతాదని ఆయన ఎక్కినాడు. ఆయనకి మాత్రం భయం లేదా? దిగేదాకా కండ్లు తెరవనే లేదంట."