సింహాచలం గారు రాత్రి నడకకు వచ్చినప్పుడు

కరోనా పూర్తిగా సద్దుమణిగాక వచ్చిన రెండో వేసవి. నేను ఒడిశాలోని రాయగడలో ఒక ధర్మాసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ప్రమాదంలోనో, షుగరు ముదిరో కాలు పోగొట్టుకున్నవాళ్లకు కృత్రిమ కాలుతో నడక నేర్పడమే నా పనిలో పెద్ద భాగం. కొండ ఊళ్ల పేదలకు అలాంటి కాళ్లు ఉచితంగా ఇవ్వడం కోసం మా సిబ్బందంతా కలిసి ఆ ఏడు ఒక నడక పెట్టుకున్నాం. ఎంత దూరం నడిస్తే అంత విరాళం ఇస్తామని ఊళ్లో వర్తకులు ఒప్పుకున్నారు. పగలు డ్యూటీలు, పైగా మండే ఎండ. అందుకని రాత్రి నడుద్దామనుకున్నాం. కల్యాణసింగ్‌పూర్ రోడ్డులో బస్సు దిగి ఆసుపత్రి దాకా నడిచి రావాలి.

ఆ సంగతి తెలిసిన రోజే సింహాచలం గారు నా గదికి వచ్చారు. ఆయన మా పాత అంబులెన్స్ డ్రైవరు. ఘాట్ రోడ్డులో లారీ గుద్దాక ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. ఇప్పుడు అంబులెన్స్ కోసం వచ్చే ఫోన్లు చూసుకుంటున్నారు. కృత్రిమ కాలుతో ఆయనకు నడక నేర్పింది నేనే. పొడవాటి ప్యాంటూ బూట్లూ వేసుకుని నడిచొస్తుంటే కొత్తవాళ్లెవరూ పోల్చుకోలేరు. ఆయనకు కావలసిందీ అదే. ఆసుపత్రిలో నా ముందు తప్ప ఎవరి ముందూ ప్యాంటు అంచు కూడా పైకి లాగేవారు కాదు.

"మేడమ్, నాను కూడా నడుస్తాను," అన్నారు.

కుదరదన్నాను. తీసేయగా మిగిలిన కాలిని మేము స్టంప్ అంటాం. అది సాకెట్ అనే గట్టి గిన్నెలో కూర్చుంటుంది. చాలాసేపు నడిస్తే స్టంప్ కాస్త చిక్కి, సాకెట్ వదులై, చర్మం ఒరుసుకుపోతుంది. ఒకసారి పుండు పడిందంటే వారాల తరబడి కాలు తొడుక్కోవడానికి ఉండదు. ఇదంతా ఆయనకు తెలిసిందే. అయినా మర్నాటి నుంచి డ్యూటీ దిగాక ఆసుపత్రి ర్యాంపు ఎక్కుతూ దిగుతూ సాధన మొదలుపెట్టారు. మా హెడ్ నర్సు మినతి దీదీ రోజూ సాయంత్రం అక్కడ నిలబడి చూసేది. కొన్నాళ్లకు ఆయాలూ, ల్యాబ్ వాళ్లూ కూడా పోగై చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. చివరికి నేనే దిగివచ్చాను. మొత్తం దూరం వద్దు, ఊరి పొలిమేరలో పెట్రోలు బంకు దగ్గర కలవండి, నేను ఆగమంటే మాత్రం ఆగాలి అన్నాను. సరేనన్నారు.

ఆ రాత్రి మా ఉత్సాహం ఇంతా అంతా కాదు. అందరం మెరిసే జాకెట్లు తొడుక్కున్నాం. చేతుల్లో టార్చిలైట్లు. వెనకాల మెల్లగా మా అంబులెన్స్. మినతి దీదీ ఒరియా పాట ఎత్తుకుంటే, ఫార్మసీ వాళ్లు తెలుగు పాటతో జవాబిచ్చారు. దారి పక్క ఇళ్లలోంచి జనం లేచి వచ్చి నీళ్లు ఇచ్చారు. పెట్రోలు బంకు దీపాల కింద సింహాచలం గారు ఇస్త్రీ చొక్కాతో నిలబడి ఉండటం చూడగానే అందరం ఒక్కసారి కేక వేశాం. ఆయన మా అందరికంటే ముందు నడిచారు. ఆయన అడుగు చూస్తుంటే నాకే గర్వంగా అనిపించింది.

లారీలవాళ్ల కోసం తెరిచి ఉంచే టీ బడ్డీ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఎడమ అడుగు పొట్టిదైంది. ఆగమన్నాను.

"ఏటీ కాలేదు మేడమ్."

"తీసి సూడాల, సింహాచలం గారూ. అంబులెన్స్‌లోకి రండి, కర్టెన్ ఏసుకుందాం."

ఆయన బండి వైపు చూశారు. పాటలు ఆగిపోయాయి. అందరూ చుట్టూ నిలబడిపోయారు.

"బండెక్కితే మల్లీ దిగనివ్వరు మీరు. ఇక్కడే సూడండి," అని బడ్డీ బల్ల మీద కూర్చుని, ప్యాంటు మోకాలి పైదాకా మడిచారు. సాకెట్ పక్కనున్న బొత్తాం నొక్కి కాలు ఊడదీసి పక్కన పెట్టారు. ఇన్నేళ్లుగా కలిసి పనిచేస్తున్నవాళ్లు ఆ కాలు చూడటం అదే మొదటిసారి. స్టంప్ చివర ఎర్రగా కందింది కానీ చర్మం తెగలేదు. ఇంక ఈ రాత్రికి కాలు తొడగడానికి లేదన్నాను. ఆయన తల దించుకున్నారు. ఆయన నన్ను తిడతారనే అనుకున్నాను.

"సంకకర్రలున్నాయా బండిలో?" అని అడిగారు తలెత్తి.

అప్పుడే టీ కాస్తున్న ఆవిడ గ్లాసులు వదిలేసి ముందుకు వచ్చింది. ఆమె పేరు గౌరి. బల్ల మీది కాలును వేలితో తాకి చూసింది.

"బాబూ, ఇది తీస్తే వొచ్చీస్తాదా? ఎముకలో మేకులు కొట్టరా?"

"మేకులేటి? సెప్పులాగే. పొద్దున్న తొడుక్కుంతాను, రాత్రి తీసెస్తాను," అన్నారు సింహాచలం గారు.

గౌరి అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. ఆమె భర్తకు రంపపు మిల్లులో కాలు పోయిందట. కృత్రిమ కాలంటే ఎముకలోకి మేకులు దింపుతారని ఎవరో చెబితే భయపడి ఇల్లు కదలడం లేదట. సింహాచలం గారు ఆమె చేతిలో ఆ కాలు పెట్టి, బొత్తాం ఎలా నొక్కాలో చూపించారు. ఆమె రెండు మూడుసార్లు నొక్కి చూసి, మినతి దీదీ వైపు తిరిగి నవ్వింది.

మిగిలిన దారంతా సింహాచలం గారు చంకకర్రల మీద నడిచారు. మడిచిన ప్యాంటు దించలేదు. ఆయన కాలును మినతి దీదీ భుజాన వేసుకుని ముందు నడిచింది. ఆసుపత్రి గేటులోకి వచ్చేసరికి పైవార్డు రోగులు కిటికీల్లోంచి చేతులు ఊపారు. నా గొంతు బొంగురుపోయేదాకా అరిచాను.

తర్వాతి వారం గౌరి భర్త ఆటోలో వచ్చాడు. నేను బొమ్మల చార్టు తీయబోతుంటే వద్దన్నాడు. ముందు ఆ డ్రైవరు బాబు కాలు చూడాలన్నాడు. సింహాచలం గారు ఫోను పక్కన పెట్టి వచ్చి, ఏమీ అడగకుండానే ప్యాంటు మడిచారు.

కృత్రిమ కాలని ఎవరికీ తెలియకుండా నడవడమే మంచి నడక అని అప్పటిదాకా నమ్మాను, అలాగే నేర్పాను. ఆ ఏడాది నుంచి నా దగ్గరికి కొత్తగా ఎవరొచ్చినా, కాలు కొలతల సంగతి తర్వాత చూద్దామని, ముందు వాళ్లను సింహాచలం గారి పక్కన కూర్చోబెడుతున్నాను.